గీతల తెర, చుక్కల తెర: తొలినాటి కాథోడ్ కిరణ ప్రదర్శికలు – తెలుగు లిపి

వ్యాససంగ్రహం: కంప్యూటర్ గీసిన బొమ్మ మనిషి కంటికి తొలిసారి కనిపించింది కాథోడ్ కిరణ నాళిక మీద. ఎలక్ట్రాన్ పుంజాన్ని కలంలా నడిపి గీతలు గీయడం ఆనాటి పద్ధతి. ఆ పద్ధతి పనితీరును, చలనచిత్రాలకు అది ఉపకరించిన విధాన్ని వివరిస్తూ, గీతల తెర రాజ్యమేలిన కాలంలో తెలుగు అక్షరం తెరకెక్కకపోవడానికి సాంకేతిక పరిమితి ఒక్కటే కారణమా అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: కాథోడ్ కిరణ నాళిక, గీతా ప్రదర్శిక, చుక్కల ప్రదర్శిక, టిఫ్రాక్, ఎ.ఎస్. రావు, తెలుగు లిపి.

ప్రవేశిక

పశ్చిమ గోదావరి జిల్లా పాలకోడేరు మండలంలోని మోగల్లులో 1914 సెప్టెంబరు 20న అయ్యగారి సాంబశివరావు జన్మించారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో విద్యుత్ ఇంజనీరింగు అభ్యసించి వచ్చిన ఈయన, హోమీ భాభా వెంట నడిచి బొంబాయిలో ఎలక్ట్రానిక్ పరికరాల నిర్మాణానికి నాయకత్వం వహించారు. 1956లో ట్రాంబేలో పనిచేయడం మొదలుపెట్టిన అప్సర అణు రియాక్టరుకు నియంత్రణ వ్యవస్థను సమకూర్చినది ఆయన బృందమే. 1967 ఏప్రిల్‌లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఇ.సి.ఐ.ఎల్.) ఏర్పడినప్పుడు దానిని నడిపే బాధ్యత ఆయనదయింది. నగరంలోని ఎ.ఎస్. రావు నగర్ పేరు ఆయనదే. ఆ పేరున్న బస్సెక్కే వారిలో ఎందరికి ఆ మనిషి మోగల్లు వాడని తెలుసునో చెప్పలేం.

తెలుగువారి ఇళ్లలోకి, కార్యాలయాలలోకి తెర వచ్చిన చరిత్రను రాయదలిచిన వారు ఆయన్ను దాటి పోలేరు. అయితే ఆ తెర ఎలా పనిచేసింది, దాని మీద మొదట ఏం గీశారు, దానిలో మన అక్షరానికి చోటెందుకు దక్కలేదు అన్నవి తెలుగులో అంతగా చర్చకు రాని విషయాలు. వాటినే ఇక్కడ వరుసగా చూడవచ్చు.

నాళిక లోపల జరిగేది

కాథోడ్ కిరణ నాళికను 1897లో స్ట్రాస్‌బర్గ్‌లో ఫెర్డినాండ్ బ్రౌన్ రూపొందించాడు. గాలి తీసేసిన గాజు గరాటును ఊహించుకుంటే దాని ఆకారం తెలిసినట్లే. సన్నని మెడ చివర ఉన్న కాథోడ్‌ను వేడి చేస్తే ఎలక్ట్రాన్లు వెలువడతాయి. అధిక విద్యుత్ పీడనం వాటిని ఒక సన్నని పుంజంగా ముందుకు లాగుతుంది. దారిలో ఉన్న పలకలకు విద్యుత్ పీడనాన్ని, లేదా చుట్టలకు విద్యుత్ ప్రవాహాన్ని ఇచ్చి ఆ పుంజాన్ని కుడి ఎడమలకు, పైకీ కిందికీ వంచవచ్చు. గరాటు వెడల్పు వైపు లోపలి గోడకు ఫాస్ఫర్ పూత ఉంటుంది. పుంజం తగిలిన చోట అది వెలుగుతుంది.

ఇక్కడ ఒక పారిభాషిక పదం గురించి చెప్పుకోవాలి. ఫాస్ఫర్‌ను కొన్ని అనువాదాలు ‘భాస్వరం’ అని రాస్తాయి. అది తప్పు. భాస్వరం ఒక మూలకం. తెరకు పూసేది సాధారణంగా జింక్ సల్ఫైడు వంటి సమ్మేళనం. దానిలో వెండి, రాగి వంటి లోహాలను అత్యల్పంగా కలిపి కావలసిన రంగు వెలుగును రాబడతారు. ‘స్ఫురదీప్త పదార్థం’ అన్న మాట దీనికి సరిపోతుంది. జనవ్యవహారం మాత్రం ఈ గొడవలేవీ పెట్టుకోలేదు. మొత్తం వస్తువుకే ‘పిక్చర్ ట్యూబు’ అని పేరు పెట్టి, టీవీ చెడిపోతే ట్యూబు పోయిందనుకొని సరిపెట్టుకొంది.

పూత మీద వెలుగు ఎంతసేపు నిలుస్తుందన్నది ఈ చరిత్రలో కీలకం. వెంటనే ఆరిపోతే బొమ్మ మిణుకుమిణుకుమంటుంది. ఎక్కువసేపు నిలిస్తే కదిలే బొమ్మ వెనక తోకలా మసక మిగులుతుంది. తొలి కంప్యూటర్ తెరల రూపకర్తలు చాలాకాలం ఈ రెంటి మధ్య నలిగారు.

ముగ్గు న్యాయం

సంక్రాంతి నెలలో గోదావరి పల్లెల వాకిళ్లు చూసిన వారికి ఆనాటి ప్రదర్శికల తత్త్వం సులువుగా బోధపడుతుంది. ముగ్గు వేసే ఆమె చేయి నేల మీద సాగుతుంటే వేళ్ల సందునుంచి పిండి సన్నగా జారి గీత ఏర్పడుతుంది. ఒక చోట గీత ముగించి మరో చోటికి పోవలసి వస్తే వేళ్లు బిగిస్తుంది. చేయి కదులుతుంది గాని పిండి రాలదు. గీతల తెరలో ఎలక్ట్రాన్ పుంజం చేసేది అచ్చంగా ఇదే. కంప్యూటర్ ఇచ్చే సంఖ్యలు పుంజాన్ని ఒక బిందువు నుంచి మరో బిందువుకు నడుపుతాయి. గీత అక్కరలేని చోట పుంజాన్ని ఆపివేస్తాయి.

ముగ్గుకూ దీనికీ ఉన్న తేడా ఒక్కటే, కానీ పెద్దది. పిండి సాయంత్రం దాకా ఉంటుంది. వెలుగు సెకనులో చిన్న భాగం కూడా నిలవదు. కాబట్టి బొమ్మ స్థిరంగా కనిపించాలంటే మొత్తం ముగ్గును సెకనుకు సుమారు ముప్పైసార్లు మళ్లీ మళ్లీ వేస్తూ ఉండాలి. గీతలు పెరిగితే ఒక చుట్టు పూర్తయ్యేలోగా మొదటి గీతలు ఆరిపోతాయి. బొమ్మ వణుకుతుంది.

అలాంటప్పుడు తెరంతా చుక్కలు పరిచి, ఏ చుక్క వెలగాలో ఏది వెలగకూడదో గుర్తుపెట్టుకొనే నేటి పద్ధతిని మొదటే ఎందుకు ఎంచుకోలేదన్న సందేహం కలుగుతుంది. జవాబు మెమరీ లెక్కలో ఉంది. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో నిర్మించి 1960లో వాడుకలోకి తెచ్చిన టిఫ్రాక్ కంప్యూటర్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆర్. నరసింహన్ నాయకత్వంలో తయారైన ఈ యంత్రంలో 2,700 వాక్యూమ్ ట్యూబులు ఉండేవి. దాని మెమరీలో 2,048 పదాలు, ఒక్కో పదానికి 40 బిట్లు. మొత్తం 81,920 బిట్లు. అడ్డం 512, నిలువు 512 చుక్కల తెరకు, ప్రతి చుక్కకూ వెలుగు, చీకటి అని ఒక్క బిట్ చొప్పున కేటాయించినా 2,62,144 బిట్లు కావాలి. యంత్రం మెమరీ అంతా ఖాళీ చేసి ఇచ్చినా బొమ్మలో మూడోవంతు కూడా పట్టదు. అదే ఒక గీతకైతే రెండు కొసల స్థానాలు చాలు. పేదరికం నేర్పిన పొదుపు అది.

టిఫ్రాక్‌కు కాథోడ్ కిరణ నాళికతో కూడిన ప్రదర్శిక ఉండేదన్న సంగతి మన దేశపు కంప్యూటర్ చరిత్రలో తగినంత ప్రాచుర్యం పొందలేదు. గ్రాఫులను, అంకెలను, అక్షరాలను తెర మీద చూపే అదనపు సాధనంగా దానిని అమర్చారు. అప్పటికి ప్రపంచంలో చాలా కంప్యూటర్లు కాగితం మీద మాత్రమే జవాబు చెప్పేవి.

తెరతో మాట్లాడడం

అమెరికాలో ఈ దారి తెరిచింది మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ (ఎం.ఐ.టి.)లోని వర్ల్‌విండ్. 1950ల తొలినాళ్లలో దాని తెర మీద గెంతే బంతిని చూపారు. నేల తాకినప్పుడల్లా కొంత ఎత్తు కోల్పోతూ గెంతే ఆ బంతి చుక్కల బాటను కంప్యూటర్ సృష్టించిన తొలి చలనచిత్రాలలో ఒకటిగా లెక్కిస్తారు. శత్రు విమానాలను కనిపెట్టే సేజ్ వ్యవస్థ దాని నుంచే పుట్టింది. తెర మీది చుక్క వైపు కాంతి తుపాకీ గురిపెడితే, ఏ క్షణాన వెలుగు తగిలిందో చూసి, ఆ క్షణాన పుంజం ఏ బిందువు మీద ఉందో యంత్రం గ్రహించేది. తర్వాతి కాలపు కాంతి కలం సూత్రం కూడా ఇదే. తెరకు కళ్లు లేవు. కలానికే కన్ను ఉంది.

1962లో ఎం.ఐ.టి. విద్యార్థులు పి.డి.పి.-1 కంప్యూటర్ మీద స్పేస్‌వార్ అనే ఆట తయారుచేశారు. దాని ప్రదర్శికకు అడ్డం 1,024, నిలువు 1,024 స్థానాలు ఉన్నా, సెకనుకు 20,000 చుక్కలు పెట్టడమే దానికి చేతనయ్యేది. సెకనుకు ముప్పైసార్లు బొమ్మ వేయాలంటే చుట్టుకు 666 చుక్కలకు మించి దక్కవు. ఆ పరిమితిలోనే రెండు నౌకలు, ఒక సూర్యుడు, నక్షత్రాలు ఇమిడాయి. పూత రెండు పొరలది. తగలగానే నీలంగా మెరిసి, తర్వాత పసుపు పచ్చగా కొంతసేపు నిలిచేది. నౌకల వెనక కనిపించే మసక జాడ ఆ పూత స్వభావమే.

మరుసటి ఏడాది ఐవాన్ సదర్లాండ్ స్కెచ్‌ప్యాడ్‌ను పీహెచ్.డి. సిద్ధాంతవ్యాసంగా సమర్పించాడు. కాంతి కలంతో తెర మీద గీత గీసి, రెండు గీతలు సమాంతరంగా ఉండాలని ఆజ్ఞాపిస్తే యంత్రం వాటిని సరిదిద్దేది. ఒక మూలరూపాన్ని మారిస్తే దాని నకళ్లన్నీ మారేవి. నేటి చిత్రరచనా సాఫ్ట్‌వేర్లలో ఉన్న భావాలు అనేకం అందులో కనిపిస్తాయి. గీతల తెర కనుకనే గీతను ఒక వస్తువుగా, దాని గుణాలతో సహా గుర్తుంచుకోవడం సాధ్యపడిందని గమనించాలి. చుక్కల తెరకు గీత అంటూ ఏదీ లేదు. పక్కపక్కనే వెలిగిన చుక్కలే ఉన్నాయి.

పదేపదే గీసే శ్రమ తప్పించడానికి టెక్‌ట్రానిక్స్ సంస్థ నిల్వ నాళికను తెచ్చింది. ఒకసారి గీస్తే గీత తెర మీదే నిలిచే ఏర్పాటు అది. 1972లో వచ్చిన 4010 నమూనా ధర అందుబాటులో ఉండడంతో ఇంజనీరింగు కార్యాలయాల్లో స్థిరపడింది. కానీ ముగ్గుకున్న చిక్కే దీనికీ వచ్చింది. ఒక్క గీతను మాత్రమే చెరపడం కుదరదు. వాకిలంతా కడిగినట్లు తెరంతా ఒక్కసారి మెరిసి ఖాళీ కావలసిందే. అందువల్ల భవనాల పటాలకు అది బాగా పనికివచ్చింది, కదిలే బొమ్మలకు పనికిరాలేదు.

తెర నుంచి ఫిల్ముకు

కదలికకు అసలు మార్గం కెమెరా చూపింది. యంత్రం ఎంత నెమ్మదిగా గీసినా ఫరవాలేదు. షట్టరు తెరిచి ఉంచి, బొమ్మ పూర్తయ్యాక ఫిల్మును ఒక గడి జరిపితే చాలు. బెల్ ప్రయోగశాలల్లో ఎడ్వర్డ్ జాజాక్ 1963లో ఇలాగే భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహం తన ముఖాన్ని భూమివైపే నిలుపుకొనే తీరును చిన్న చిత్రంగా తీశాడు. అక్కడే కెన్ నోల్టన్ బెఫ్లిక్స్ అనే భాష రాశాడు. దాని చిత్రపటం అడ్డం 252, నిలువు 184 చుక్కలు, ఎనిమిది ఛాయలు. గీతల యుగం నడిమధ్యనే చుక్కల బొమ్మ ఫిల్ము మీద పుట్టిందన్నమాట.

వీరు వాడిన ఫిల్ము యంత్రం లోపల ఛారక్ట్రాన్ అనే వింత నాళిక ఉండేది. పుంజానికి అడ్డంగా ఒక పలుచని లోహపు రేకు. ఆ రేకులో అక్షరాల ఆకారంలో రంధ్రాలు. ‘ఎం’ ఆకారపు రంధ్రం గుండా పోయిన పుంజం ‘ఎం’ ఆకారంలోనే తెరను తాకుతుంది. కాకినాడ దగ్గరి మాధవపట్నం తోలుబొమ్మలాటను ఎరిగిన వారికి ఈ యుక్తి కొత్తది కాదు. సీతమ్మవారి నగలకు తోలులో పెట్టిన చిల్లుల గుండా దీపపు వెలుగు తెల్లగుడ్డ మీద ముత్యాలై మెరవడమూ, రేకు చిల్లుల గుండా ఎలక్ట్రాన్లు అక్షరాలై మెరవడమూ ఒకే ఊహకు రెండు రూపాలు. ఒకదాన్ని చూసి మరొకటి పుట్టిందని కాదు. వెలుగుకు ఆకారం ఇవ్వాలనుకున్న వారికి అడ్డుపెట్టి తొలచడం కన్నా సహజమైన ఉపాయం మరొకటి తట్టకపోవచ్చు.

పోలిక ఇంకొంత దూరం సాగుతుంది. లీ హారిసన్ రూపొందించిన అనిమాక్, దాని తరువాతి స్కానిమేట్ యంత్రాలు అంకెల మీద నడిచేవి కావు. ఎగుడుదిగుడు విద్యుత్ సంకేతాలతో నడిచేవి. గీసిన బొమ్మను కెమెరా చూస్తుంది. ఆ సంకేతం ఒక నాళికకు చేరుతుంది. ఆ నాళికలో పుంజాన్ని వంచే సంకేతాలను మీటలతో మారిస్తే బొమ్మ సాగుతుంది, మెలిక తిరుగుతుంది, అలలా ఊగుతుంది. మరో కెమెరా ఆ తెరను మళ్లీ చిత్రిస్తుంది. ఆడించేవారి చేయి కదలగానే బొమ్మ కదిలేది. ఒక్కో గడికి గంటల లెక్కన ఎదురుచూపు లేదు. 1970లలో అమెరికా టీవీలో తేలియాడిన శీర్షికలు అనేకం దీని పనే. దీనికి భిన్నంగా 1977 నాటి స్టార్ వార్స్ చిత్రంలో శత్రుస్థావరపు కందకాన్ని చూపే సన్నివేశాన్ని లారీ క్యూబా గీతల తెర మీద గడి గడిగా గీయించి, కెమెరాతో పట్టాడు.

మన వైపు సంగతి

ఈ పరిణామాలు జరుగుతున్న కాలంలో భారతదేశంలో ఎలక్ట్రానిక్స్ రంగం ఎటు నడవాలో నిర్ణయించేందుకు 1963లో భాభా అధ్యక్షతన ఒక సంఘం ఏర్పడింది. అందులో విక్రమ్ సారాభాయ్‌తో పాటు ఇద్దరు తెలుగువారు ఉన్నారు: సూరి భగవంతం, ఎ.ఎస్. రావు. దేశానికి కావలసిన పరికరాలు దేశంలోనే తయారుకావాలన్నది ఆ సంఘపు దృష్టి. ఇ.సి.ఐ.ఎల్. ఆ దృష్టికి ఫలం. ట్రాంబేలో రూపుదిద్దుకొన్న టి.డి.సి.-12 కంప్యూటర్ 1969లో ఆ సంస్థ నుంచి వెలువడింది. తర్వాత టి.డి.సి.-316 వచ్చింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టీవీ ప్రసారాలు అందించిన సైట్ ప్రయోగానికి టీవీ సెట్లు తయారుచేసిందీ ఇ.సి.ఐ.ఎల్.ే. ఆ ప్రసారాల భాషలలో తెలుగు ఒకటి.

ఇక్కడ ఒక వైరుధ్యం కనిపిస్తుంది. తెలుగు మాట, తెలుగు పాట, తెలుగు మనిషి ముఖం హైదరాబాదులో తయారైన కాథోడ్ కిరణ తెరల మీద పల్లెటూళ్లకు చేరాయి. అదే ఊళ్లో, అదే సంస్థలో తయారైన కంప్యూటర్లను నడిపిన భాష మాత్రం ఆంగ్లమే.

తెలుగు అక్షరానికి అడ్డుపడినది ఏది?

సాధారణంగా చెప్పే కారణం తెలుగు లిపి సంక్లిష్టత. అందులో కొంత నిజం ఉంది. ఆంగ్లంలో ‘ఎల్’ రాయడానికి రెండు గీతలు, పెద్ద ‘ఏ’ రాయడానికి మూడు గీతలు చాలు. తాటాకు మీద గంటంతో రాసిన అలవాటు వల్ల గుండ్రదనం తెచ్చుకున్నదని చెప్పే మన అక్షరానికి సూటి గీతలు తక్కువ. ఎలక్ట్రాన్ పుంజం వంపును నేరుగా తిరగలేనప్పుడు, దాన్ని చిన్న చిన్న సూటి గీతలుగా విడగొట్టాలి. ‘ఠ’ ఒక్కటి నునుపుగా రావాలంటేనే పదికి పైగా ముక్కలు కావాలి. పుంజానికి గీతలంటే కాలం. కాలం మించితే తెర వణుకుతుంది.

1970లలో చౌకగా దొరికిన అక్షర టెర్మినళ్ల విషయంలో ఇబ్బంది ఇంకా గట్టిది. వాటిలో ప్రతి అక్షరమూ అడ్డం 5, నిలువు 7 చుక్కల గడిలో ఇమడాలి. 64 ఆంగ్ల అక్షరాలకు, గుర్తులకు కలిపి 2,240 బిట్లు సరిపోయేవి. ఒక్క చిప్పులో పట్టేవి. తెలుగులో 36 హల్లులకు 14 గుణింత రూపాల చొప్పున వేసినా 504 అవుతాయి. ఒత్తులు ఇంకా మొదలే కాలేదు. పైన గుడి, నడుమ అక్షరం, కింద ఒత్తు అని మూడు అంతస్తులున్న ‘స్త్రీ’ని ఏడు వరుసల్లో కూర్చోబెట్టడమంటే అంతస్తుకు రెండు వరుసలు ఇచ్చినట్లు. చదివేవారికి అది అక్షరంగా తోచదు.

కాని గీతల తెర విషయంలో ఈ వాదన నిలవదు. అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో పనిచేసిన ఎ.వి. హెర్షీ 1967లో కాథోడ్ కిరణ నాళిక మీద గీయడానికి ప్రత్యేకంగా అక్షరరూపాలు తయారుచేసి ప్రచురించాడు. ప్రతి అక్షరమూ కొన్ని బిందువుల జాబితా. ఒక బిందువు నుంచి మరోదానికి గీత, అవసరమైన చోట కలం ఎత్తడం. అంతే. అందులో రోమన్, గ్రీకు, రష్యన్ లిపులతో పాటు జపనీయుల హిరగనా, కటకనా, చైనా మూలపు కంజీ అక్షరాలు కూడా ఉన్నాయి. ఒక్క అక్షరంలో పది పదిహేను గీతలుండే కంజీ 1967లో ఆ తెర మీద నిలవగలిగితే, ‘క్ష్మీ’ నిలవలేదని అనడానికి ఆధారం లేదు. మరి ఆ పట్టికలో భారతీయ లిపి ఒక్కటీ లేదు. యంత్రం అడ్డుపడలేదు. ఆ పని చేయడానికి యంత్రం దగ్గరికి లిపి తెలిసిన మనిషి చేరలేదు. ఖరీదైన గీతల ప్రదర్శికలు విమానాల రూపకల్పనకు, రక్షణ శాఖలకు పరిమితమైన కాలంలో తెలుగు పండితునికి, ఆ తెరకు మధ్య ఉన్న దూరం సాంకేతికమైనది కాదు.

చుక్కల తెర గెలవడంతో ఈ సమస్య వేరే రీతిలో తీరింది. 1973లో జెరాక్స్ పరిశోధన కేంద్రంలో రిచర్డ్ షూప్ సూపర్‌పెయింట్ వ్యవస్థలో అడ్డం 640, నిలువు 486 చుక్కల చిత్రాన్ని, చుక్కకు 8 బిట్లతో మెమరీలో నిలిపాడు. టిఫ్రాక్ మొత్తం మెమరీకి అది సుమారు 30 రెట్లు. మెమరీ చౌకయ్యే కొద్దీ ప్రతి చుక్కనూ విడిగా వెలిగించగల తెరలు బల్లల మీదికి వచ్చాయి. చుక్కల తెరకు ఏ లిపి అయినా ఒకటే. 1983లో కాన్పూరు ఐ.ఐ.టి. దేవనాగరి టెర్మినల్‌ను ప్రదర్శించింది. ఆ కృషి పుణేలోని సి-డాక్‌లో జిస్ట్ కార్డుగా కొనసాగి, తెలుగుతో సహా భారతీయ లిపులను మామూలు కంప్యూటర్ తెర మీదికి తెచ్చింది. 1991లో ఇస్కీ సంకేత ప్రమాణం, అదే ఏడాది యూనికోడ్ తొలి సంచికలో తెలుగు విభాగం వెలువడ్డాయి.

ఇప్పుడు వాడే తెలుగు ఫాంట్లలో అక్షరం అంచురేఖలుగా దాగి ఉంటుంది. చూపేటప్పుడు మాత్రమే చుక్కలవుతుంది. అంటే వంపు గీత తిరిగి వచ్చింది, కాని అక్షరపు నడిమి గీతగా కాదు, దాని చుట్టుకొలతగా. ఈ తేడా కొన్ని పనుల్లో బయటపడుతుంది. లోహం మీద, రాతి మీద అక్షరాలు చెక్కే కంప్యూటర్ యంత్రాలు నేటికీ హెర్షీ పద్ధతి ఒంటిగీత అక్షరాలను వాడుకుంటాయి. ఆంగ్లంలో పేరు చెక్కితే సూది అక్షరం వెంట ఒక్కసారి నడుస్తుంది. అంచురేఖల తెలుగు ఫాంటు ఇస్తే అదే సూది ప్రతి అక్షరానికీ లోపలి అంచు ఒకసారి, వెలుపలి అంచు ఒకసారి తిరిగి, నడుమ ఖాళీ వదిలిన బోలు అక్షరాన్ని చెక్కుతుంది. పెళ్లి సామాన్ల మీద చేతి మరతో పేర్లు కొట్టే పనివాడు మాత్రం ‘శ్రీ’ని ఒంటిగీతలో, ఎక్కడ మొదలుపెట్టాలో ఎక్కడ చేయి ఎత్తాలో ఎరిగి, ఏ పట్టికా లేకుండానే రాస్తాడు. ఆ చేతి కదలికలను బిందువులుగా నమోదు చేస్తే తెలుగుకు హెర్షీ పట్టిక తయారవుతుంది.